పిలక లేని అరటి

మా ఇంటి వెనక వాటాలో ఐదేళ్ళు అద్దెకున్న పెర్సిస్ గురించి ఎవరికైనా చెప్పాలి. చెప్పకపోతే నాకు తోచడం లేదు. పొద్దున్న లేచిన దగ్గర నుంచి ఆ వాటా తలుపు దగ్గరకు నాలుగుసార్లు వెళ్తున్నాను, తాళం లాగి చూస్తున్నాను, తిరిగి వస్తున్నాను. మా ఆయన సుబ్బారావు గారు పేపరు కిందికి దించి, "కాలు కాలిన పిల్లిలా ఏంటే ఆ తిరుగుడు? కాసేపు కూర్చోరాదా" అంటారు. కూర్చుంటే కుర్చీ పొడుస్తోంది మరి, ఏం చేయను?

నా పేరు సుబ్బలక్ష్మి. ఏలూరు పవర్‌పేటలో మాకు రెండు వాటాల పాత డాబా ఉంది. దెందులూరు దగ్గర కాస్త వరిపొలం, గట్టు మీద అరటి. నేను పుట్టింది గణపవరం అవతల, కాలువ ఒడ్డున. అరటి గురించి నాకు ఒకరు చెప్పక్కర్లేదని అరవై ఏళ్ళపాటు అనుకున్నాను. నా నోరు కూడా కాస్త పెద్దదేనట. ఎదుటివాళ్ళు మాట మొదలుపెడితే చివర నేనే పూర్తి చేసేస్తానట. ఇది నేను ఒప్పుకున్న సంగతి కాదు, వీధిలో అందరూ అనే సంగతి.

పెర్సిస్ ఏఎన్‌ఎం. ఊళ్ళు తిరిగి చంటిపిల్లలకు టీకాలు వేస్తుంది, కడుపుతో ఉన్నవాళ్ళను చూస్తుంది. యాభై రెండేళ్ళుంటాయి. సన్నగా, పొట్టిగా ఉంటుంది. గొంతు ఎప్పుడూ పెంచదు. ఆవిడ సంగతులు ఆవిడ నోట నేను విన్నవి తక్కువ. ఖాళీ చేసి వెళ్ళిపోయాక తాడేపల్లిగూడెంలో ఉన్న ఆవిడ తమ్ముడు జాకబ్ ఇంటికి బస్సెక్కి వెళ్ళి, అడిగి తెలుసుకున్నాను. గోడకు అవతల ఐదేళ్ళున్న మనిషి గురించి యాభై కిలోమీటర్లు వెళ్ళి తెలుసుకోవడం! ఎంత సిగ్గుచేటో మీరే చెప్పండి.

జాకబ్ చెప్పిందేమిటంటే, వాళ్ళ నాన్న విశ్వాసం కొల్లేట్లో చేపల చెరువుల మీద కాపలా ఉండేవాడు. చెరువు మారినప్పుడల్లా గట్టు మీద పాక మారేది. వరద వచ్చిన ఏడు వండుకునే గిన్నెలతో సహా బడిలోకో చర్చిలోకో చేరేవాళ్ళు. "మా అక్కకి పెట్టె సర్దడం అక్షరాల కంటే ముందొచ్చిందండీ" అన్నాడు జాకబ్. తర్వాత నర్సు ట్రైనింగు, ఉద్యోగం. మొదట లంక గ్రామాలు. పడవెక్కి ఐస్‌బాక్సు ఒళ్ళో పెట్టుకుని టీకాలకు వెళ్ళేదట. ఆ తర్వాత గణపవరం, ఉంగుటూరు, ఏజెన్సీ, మళ్ళీ లంకలు, మళ్ళీ ఏజెన్సీ. సంబంధం కుదిరితే ట్రాన్స్‌ఫర్ వచ్చేది, ట్రాన్స్‌ఫర్ ఆగితే సంబంధం తప్పిపోయేది. అలా పెళ్ళి మాటే మానేసింది.

రెండోసారి ఏజెన్సీలో ఉన్నప్పుడు, ఒక వానాకాలం రోజున వాగు పొంగి జీపు రాలేదట. ఓ కొండ గూడెంలో కష్టమైన కాన్పు ఆవిడ ఒక్కతే చేసింది. తల్లీ బిడ్డా దక్కారు. ఆ బిడ్డ అమ్మమ్మ ఇవ్వడానికి ఏమీ లేక, కుంకుడు గింజల్లాంటి నల్లటి గింజలు ఏడు ఆవిడ చేతిలో పోసింది. కొండ అరటి గింజలు. ఇంటి ముందు పెట్టుకోమంది. "నాకు ఇల్లు లేదమ్మా, ఊరూరా తిరుగుతుంటాను" అంటే, "అయితే కుండలో పెట్టుకో, నీతో వస్తాది" అందట. ఏడు గింజల్లో ఒక్కటే మొలిచింది, అదీ ఐదు నెలలకి. ఆ ఐదు నెలలూ మొలక లేని కుండీకి నీళ్ళు చల్లుతూ కూర్చుందట మహాతల్లి.

దానికి మూడేళ్ళప్పుడు, ఆ మొక్కతోనే మా ఇంటికి వచ్చింది. నాకు బాగా గుర్తు. లోడ్ ఆటోలోంచి ఒక మంచం, ఒక ట్రంకుపెట్టె, గ్యాస్ పొయ్యి దిగాయి. ఆ తర్వాత మూడు అరటి మొక్కలు దిగాయి. రెండు సిమెంటు కుండీల్లో ఉన్నాయి. మూడోది, రొయ్యల చెరువుల మందులు వచ్చే నీలం డ్రమ్మును సగానికి కోసి, అందులో ఉంది. అదే కొండ అరటి. అడుగున బోదె బానలా ఉబ్బి, పైకి పోను పోను సన్నబడి, చుట్టూ విచ్చుకున్న ఆకులతో ఆటోడ్రైవరు కంటే ఎత్తుంది.

"ఇవేంటమ్మా?" అన్నాను.

"అరటి మొక్కలండీ."

"అరటేనా? కాయలు కాస్తాయా?"

"ఆ చిన్నదానికి కాస్తాయండీ. గులాబీరంగులో, వేలెడంత. తినడానికి ఉండవండీ, లోపలంతా గింజలే."

"పోనీ కూరకి?"

"పనికిరావండీ."

"ఆకు కోసుకుంటావా?"

"కోయనండీ."

"మరెందుకమ్మా ఇవి?"

"చూసుకోడానికండీ" అంది.

నేను లోపలికి వచ్చి, "మింగ మెతుకు లేదు గానీ మీసాలకు సంపంగి నూనెట" అని మా ఆయనతో నవ్వాను. అరటంటే తినాలి, ఆకులో అన్నం పెట్టుకోవాలి, బోదె కోసి దూట కూర వండుకోవాలి. అందానికి అరటి పెంచడం ఏమిటి, బంగాళాఖాతానికి నీళ్ళు తోలినట్టు! బయటికి వెళ్ళి మాత్రం, "నేలలో నాటకమ్మా, పిలకలు వేసి గోడ పగలగొడతాయి. కుండీల్లోనే ఉంచుకో. నా గచ్చు మీద ఎర్రమట్టి మరకలు పడకూడదు" అని షరతు పెట్టాను. ఆవిడ "అలాగేనండీ" అంది.

నీలం డ్రమ్ము వైపు చూపించి, "దీనికి పిలకలు రావండీ" అని కూడా ఏదో అంది. నేను అప్పటికే వెనక్కి తిరిగాను.

ఆవిడ ఆ మొక్కలను చూసుకునే తీరు నాకు వింతగా ఉండేది. సాయంత్రం ఆరింటికి డ్యూటీ నుంచి వచ్చి, భుజానికి సంచీ ఉండగానే ముందు డ్రమ్ము దగ్గరకు వెళ్ళేది. ఆదివారం చర్చి నుంచి వచ్చాక మూడింటినీ కాస్త కాస్త తిప్పేది, ఎండ ఒకవైపే పడకుండా. గాలికి ఆకు చిరిగితే ఆ చిరుగును వేలితో సవరించేది. చలికాలం వచ్చేసరికి కొండ అరటికి నీళ్ళు ఇంచుమించు మానేసేది. ఆకులు పసుపెక్కి ఒక్కొక్కటీ వాలేవి. నా ప్రాణం ఉసూరుమనేది.

"అదేంటమ్మా ఎండబెడుతున్నావు?" అని ఒకసారి అడిగాను.

"ఇది రాళ్ళ సందుల్లో పుట్టేదండీ. వానలు వెళ్ళాక నిద్రపోద్ది. మళ్ళీ తొలకరికి లేస్తుంది. ఇప్పుడు నీళ్ళు నిలిస్తే దుంప కుళ్ళి..."

"అరటికి నీళ్ళు ఎక్కువవడం నేనెక్కడా వినలేదమ్మా" అని నేను పూర్తి చేశాను. ఆవిడ నవ్వి ఊరుకుంది. జూన్‌లో నిజంగానే అది మళ్ళీ లేచింది. చూశాను. చూసి కూడా బుద్ధి రాలేదు.

ఇక మా వాడి పెళ్ళి సంగతి. మా అబ్బాయి శ్రీకర్ తాడేపల్లిగూడెంలో బ్యాంకు ఉద్యోగి. ముప్ఫై నాలుగు వచ్చాయి. పదకొండు సంబంధాలు తప్పిపోయాయి. నాకు అన్నం సహించడం మానేసింది. ఫోను మోగితే గుండె దడ, మోగకపోతే ఇంకా దడ. చివరకు ఉంగుటూరు దగ్గర ప్రసన్న అనే టీచరమ్మాయి సంబంధం కుదిరింది. పిల్ల నచ్చింది, పిల్లవాడు నచ్చాడు, అన్నీ బాగున్నాయి అనుకుంటుండగా వాళ్ళ తాతగారు నమ్మే పంతులుగారు జాతకం చూసి, శ్రీకర్‌కు కుజదోషం ఉందన్నారు. ముందు అరటి చెట్టుతో పెళ్ళి చేసి, తాళి కట్టించి, ఆ చెట్టును కొట్టేయాలి. దోషం చెట్టుతో పోతుంది. ఆ తర్వాతే పిల్లతో పెళ్ళి.

అరటి చెట్టే కదా, మా గట్టు నిండా ఉన్నాయి అనుకున్నాను. కానీ ఆ పంతులుగారికి ఓ పట్టింపు. చెట్టు కన్య అయి ఉండాలట. అంటే గెల వేయనిది, పక్కన పిలక లేనిది, ఎప్పుడూ ఒక్క ఆకు కూడా కోయనిది కావాలి. నేను, మా ఆయన బండి మీద దెందులూరు వెళ్ళి గట్టంతా వెతికాం. ప్రతి చెట్టు మొదట్లోనూ నాలుగేసి పిలకలు. ప్రతి చెట్టుకీ ఆకులు కోసిన మొండి మట్టలు. ఎవరు కోశారు? నేనే! శనివారం టిఫినుకు ఆకు, చుట్టాలొస్తే ఆకు, అట్టు వేస్తే ఆకు. పక్క రైతుల గట్లూ చూశాం. ఈ కాలవల దేశంలో ఆకు కోయని అరటి చెట్టంటూ ఉంటుందా? "కన్య కావాలంటే ఎక్కడ దొరుకుద్ది సుబ్బలక్ష్మీ, అందరి పెరట్లోనూ పిల్లల తల్లులే" అన్నారు మా ఆయన. ఆ మాటకు నవ్వే ఓపిక కూడా లేదు నాకు.

ఆ సాయంత్రం గేటు తీసుకుని లోపలికి వస్తుంటే నీలం డ్రమ్ము కనిపించింది. ఒంటి బోదె, మొదట్లో పిలక లేదు. ఎనిమిదేళ్ళుగా ఎవరూ ఒక్క ఆకూ కోయలేదు.

పెర్సిస్ రాగానే పట్టుకున్నాను. అంతా చెప్పాను. ఆవిడ నిలబడే విన్నది.

"తాళి కట్టుకోండి, పూజ చేసుకోండి, నాకేం అభ్యంతరం లేదండీ. మొక్కకి మతం ఏముంది?" అంది. "కానీ కొట్టకండి. మామూలు అరటి కాదండీ ఇది. ఒక్కటే మొదలు. పిలక రాదు."

"అరటన్నాక పిలక రాకపోవడమేంటమ్మా! కొడితేనే కదా వచ్చేది" అన్నాను.

"రాదండీ. నిజంగానే రాదు. కొట్టకండి సుబ్బలక్ష్మి గారూ, మీకు దణ్ణం పెడతాను." ఆవిడ అంత మాట ఎప్పుడూ అనలేదు.

"సరే, కొట్టంలే. ఒట్టు" అన్నాను.

పంతులుగారికి ఫోన్ చేశాను. కొట్టకపోతే దోషం అలాగే ఉంటుంది, వాళ్ళు పిల్లనివ్వరు, ఆపైన మీ ఇష్టం అన్నారాయన. పన్నెండో సంబంధం కూడా పోతుందేమోనని నాకు ముచ్చెమటలు పట్టాయి. మా ఆయన, "ఇంకో చెట్టు చూద్దామే" అన్నారు. శ్రీకర్, "ఆవిడ వద్దన్నారు కదమ్మా, నువ్వు మాటిచ్చావు కూడా" అన్నాడు. నేను ఇద్దరి మీదా ఇంతెత్తున లేచాను. నేను పట్టిన కుందేటికి ఎప్పుడూ మూడే కాళ్ళు. నెల తిరక్కుండా పిలక వస్తుంది, వచ్చాక ఆవిడే నవ్వుకుంటుంది అన్నాను. పిలకలు లేవనే కదా ఆ చెట్టును ఏరుకున్నాను! అలాంటిది కొట్టాక పిలక వస్తుందని నేనే అందరికీ చెప్తున్నాను. నా బుద్ధి ఏ గడ్డి మేసిందో.

బుధవారం ముహూర్తం పెట్టించాను. కావాలనే బుధవారం. ఆ రోజు టీకాల రోజు, పెర్సిస్ పొద్దున్నే వెళ్ళిపోతుంది.

ఆవిడ బస్సెక్కాక పంతులుగారు వచ్చారు. డ్రమ్ముకు పసుపు రాసి, బోదెకు చీర చుట్టి, బొట్టు పెట్టి, మంత్రాలు చదివారు. శ్రీకర్ మూడు ముళ్ళూ వేశాడు. పొలం నుంచి తెప్పించిన మచ్చుకత్తి చేతికిస్తే పట్టుకుని నిలబడ్డాడు, కదలడు. "అమ్మా, వద్దమ్మా" అన్నాడు. వాడి చేతి మీద నా చేయి వేసి నేనే నొక్కాను. అరటి బోదె ఎంతని ఆగుతుంది, ఒక్క వేటుకే తెగింది. మోకాలెత్తు మొండెం మిగిలింది. నీళ్ళు కారాయి. పైభాగాన్ని పంతులుగారు చెప్పినట్టు కాలువలో వేయించేశాం. గచ్చు కడిగించాను. ఆ తర్వాత సాయంత్రం ఆరింటి వరకూ నేను ఇంట్లో ఒక చోట కూర్చోలేదు. గేటు చప్పుడైతే వంటింట్లోకి, ఆగిపోతే వరండాలోకి.

ఆవిడ వచ్చింది. అలవాటుగా డ్రమ్ము దగ్గరకు నడిచి ఆగిపోయింది. నేను ఎదురెళ్ళి, "ఏం చేయనమ్మా, తప్పలేదు, పిల్లవాడి జీవితం, అయినా పిలక వచ్చేస్తుంది, నెలలో చూడు, నేను చూసిన అరటి ఎంత..." అని ఆగకుండా వాగాను. ఆవిడ సంచీ కింద పెట్టి, గొంతుకూర్చుని, తెగిన చోట మధ్యలో చిటికెన వేలు పెట్టి చూసింది.

"కత్తి కడిగారాండీ?" అంది.

"ఆఁ... కడిగే ఉంటారు."

"మొవ్వు కింద ఉంటుందండీ, ఇంకా తెగలేదు. పిలక రాదు గానీ ఇదే మళ్ళీ పైకి లేవొచ్చు." నా మొహం వైపు చూడకుండా చెప్తోంది. "ఒక్కటే అడుగుతానండీ. నీళ్ళు పోయకండి. ఒక్క చుక్క కూడా. చలికాలం, పైగా కోసిన చెట్టు."

లోపల్నుంచి బూడిద తెచ్చి గాయం మీద చల్లింది. అరవలేదు, ఏడవలేదు. తిడితే బాగుండును, తిరిగి నాలుగు అని పడుకునేదాన్ని.

మర్నాడు పొద్దున్న చూస్తే బోదె మధ్యలోంచి లేత మొవ్వు రెండంగుళాలు పైకి వచ్చింది! నా ప్రాణం లేచి వచ్చింది. "పెర్సిస్, వచ్చిందే, రా, చూడు!" అని గోడ దగ్గర నుంచే కేక పెట్టాను. ఆవిడ తల దువ్వుకుంటూ వచ్చి చూసింది. మొహంలో ఏదో కదిలింది. "దేవుడి దయండీ" అంది. మేమిద్దరం ఆ రోజు గుమ్మంలో నిలబడి టీ తాగాం.

రెండో రోజు ఇంకో అంగుళం. మూడో రోజు ఆగిపోయింది. నాలుగో రోజు అంతే. నాకు నిలకడ లేకుండా పోయింది. పెళ్ళి పనులు ఓ పక్క, చీరలు, పిలుపులు, ఏ పని చేస్తున్నా మనసు డ్రమ్ము మీదే. అది లేస్తే నేను చేసింది తప్పు కాకుండా పోతుంది. అంతే నా గొడవ, దాచడమెందుకు. వెళ్ళి చూస్తే మట్టి పొడిగా, తెల్లగా పిల్లి పడుకున్న బూడిదలా ఉంది. గొంతు ఎండి చచ్చిపోతోంది పాపం మొక్క అనిపించింది. కాలువ పక్క పుట్టినదాన్ని, దాహంతో ఉన్న అరటిని చూస్తూ చేతులు కట్టుకుని ఎలా ఉండను?

ఆవిడ ఏడున్నర బస్సుకు వెళ్ళగానే ఒక చెంబు పోశాను. మర్నాడు రెండు చెంబులు. ఆ తర్వాత బోరు పైపే పెట్టాను. బియ్యం కడిగిన నీళ్ళు, పులిసిన మజ్జిగ, పొలం నుంచి తెప్పించిన పశువుల ఎరువు, అన్నీ వేశాను. డ్రమ్ము అడుగు కన్నంలోంచి నీళ్ళు కారి గచ్చు తడుస్తోంది. సాయంత్రం ఆవిడకు తెలిసిపోతుంది కదా! పాత జాకెట్టు గుడ్డ ముక్క ఉండచుట్టి ఆ కన్నంలో కుక్కాను. తడి బయటికి రాలేదు.

వారం పోయాక గుడ్డ ఊడి పక్కన పడి ఉంది. ఎలా ఊడిందో అనుకుని మళ్ళీ కుక్కాను. ఇంకో రెండు రోజులకు మళ్ళీ ఊడింది, మళ్ళీ కుక్కాను.

పెళ్ళికి పది రోజులుందనగా ఓ సాయంత్రం పెర్సిస్ మా గుమ్మంలోకి వచ్చింది. "సుబ్బలక్ష్మి గారూ, ఆ డ్రమ్ము కింద కన్నానికి..."

"ఆఁ ఆఁ, తర్వాత చూద్దాంలేమ్మా. ముందీ కార్డు చూడు, ప్రసన్న పేరులో ఒత్తు సరిగ్గా పడిందా?" అన్నాను. ఆవిడ కార్డు చూసి, బాగుందండీ అని వెళ్ళిపోయింది.

నాలుగు రోజులకు మళ్ళీ వచ్చింది. "గుడ్డ తీశానండీ. మళ్ళీ ఎవరో..."

"ఎలకలేమో!" అన్నాను. మనిషిని కాబట్టి అబద్ధం అంత చురుగ్గా వచ్చింది నోటికి. "ఎలకలు ఏ గుడ్డ దొరికితే అది ఎక్కడైనా దూరుస్తాయి. మందు పెట్టిస్తాలే. భోజనాలకు రెండో రోజు కూడా ఉండాలి నువ్వు, తెలిసిందా?" ఆవిడ నన్ను కాసేపు చూసి, సరేనండీ అంది.

పెళ్ళి జరిగింది. దోషాలేవీ అడ్డం రాలేదు. ప్రసన్న బంగారం లాంటి పిల్ల. పెర్సిస్ తెల్లచీర కట్టుకుని వచ్చింది, స్టీలు క్యారేజీ బహుమతి ఇచ్చింది, అరిటాకు ముందు కూర్చుని భోంచేసింది. వడ్డిస్తూ నేను ఆవిడ ఆకు వైపు చూడలేకపోయాను. అందరూ పెళ్ళి బాగా చేశారని నన్ను మెచ్చుకుంటున్నారు. నాకేమో ఎప్పుడు ఇంటికి వెళ్ళి డ్రమ్ములోకి తొంగిచూస్తానా అని ఉంది.

తిరిగి వచ్చి చూస్తే మొవ్వు నల్లబడింది. కాస్త వాసన కూడా. చలికి అలా అవుతుందిలే అని నాకు నేను చెప్పుకుని ఇంకో బకెట్ పోశాను. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు అని నేనే ఎంతమందిని దెప్పానో ఈ జన్మలో.

జనవరి మొదటి ఆదివారం. పెర్సిస్ చర్చి నుంచి వచ్చింది. నేను మా వరండాలోంచి చూస్తున్నాను. డ్రమ్ము దగ్గర ఒంగి, మొండెం పట్టుకుని మెల్లగా కదిపింది. అది మొత్తం ఆవిడ చేతిలోకి వచ్చేసింది. అడుగున దుంప ముద్దలా, నల్లగా ఉంది. డ్రమ్ములోంచి కుళ్ళు నీళ్ళు పైకి ఉబికాయి. ఆ కంపు మా వరండా దాకా వచ్చింది. ఆవిడ దాన్ని మళ్ళీ డ్రమ్ములోనే పెట్టింది, పాపను పడుకోబెట్టినట్టు. ఒంగి కన్నంలో గుడ్డ లాగి బయట పడేసింది. గచ్చంతా నల్లనీళ్ళు పారాయి. నేను అరవకుండా ఉన్నది ఆ ఒక్కసారే.

ఇక ఉండలేక వెళ్ళాను.

"పెర్సిస్, నీళ్ళు నేనే పోశాను."

"తెలుసండీ."

"గుడ్డ కూడా నేనే పెట్టాను. ఎలకలు కాదు."

"తెలుసండీ. రెండుసార్లు తీశాను. రెండుసార్లూ మళ్ళీ పెట్టారు."

"మరి తెలిసీ గట్టిగా చెప్పలేదేమమ్మా! నాలుగు చీవాట్లు పెట్టి నా చేయి పట్టుకుని ఆపొచ్చు కదా!" ఏడుపొచ్చేస్తోంది నాకు. తప్పు చేసి కూడా ఆవిడనే దబాయిస్తున్నాను, చూడండి నా తెలివి.

ఆవిడ కుళాయి కింద చేతులు కడుక్కుంటోంది. సబ్బు రాసి, మోచేతుల దాకా, నర్సులు కడుక్కునే తీరున. ఎప్పటి గొంతుతోనే చెప్పింది.

"పిలక రాదని చెప్పానండీ. కొట్టొద్దని దణ్ణం పెట్టి చెప్పాను. నీళ్ళు పోయొద్దని చెప్పాను. గుడ్డ సంగతి చెప్పడానికి రెండుసార్లు మీ గుమ్మంలోకి వచ్చాను. ఇంకెలా చెప్పాలండీ మీకు? ఐదేళ్ళ నుంచి మీ పక్క వాటాలో మాట్లాడుతున్నాను. ఒక్క మాటైనా మీ చెవిన పడిందాండీ?"

నేను వంగి, ఆవిడ బయట పడేసిన ఆ తడిగుడ్డ తీసి చేతిలో పట్టుకున్నాను.

"తప్పయిపోయింది పెర్సిస్" అన్నాను. అద్దెకున్న మనిషితో నేను ఆ మాట అనడం అదే మొదలు.

"అవునండీ" అంది ఆవిడ. "తప్పేనండీ."

మా వైపు ఎవరైనా తప్పయిందంటే, ఎంత కోపంలో ఉన్నా సరే, "అయ్యో, అదేం మాటండీ, ఊరుకోండి" అంటారు. అది మర్యాద. ఆ మాట కోసమే నేను ఆ తడిగచ్చు మీద నిలబడ్డాను. ఆవిడ కుళాయి కట్టేసింది. తువ్వాలుతో ఒక్కో వేలూ తుడుచుకుంది.

"నెలాఖరుకి ఇల్లు ఖాళీ చేస్తానండీ" అంది.